ఉసిరి పచ్చడిలో ఇంగువ

ఉప్పల్,
17-11-2008, కార్తీక సోమవారం.

చిరంజీవి కామాక్షికి అక్క ఆశీస్సులు.

చి.ల.సౌ. అని రాయబోయి కలం ఆపాను. ఇరవై ఏడేళ్ళ అలవాటు చేతికి ఇంకా వదల్లేదు. మీ ఆయన పోయి తొమ్మిది నెలలైనా ప్రతి ఉత్తరంలోనూ అక్కడికొచ్చేసరికి ఆగుతున్నాను. మూడేళ్ళ కింద మీ బావగారు పోయినప్పుడు నాకు రాస్తూ నువ్వూ ఇలాగే ఆగి ఉంటావు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, దేవుడి గూట్లో వాళ్ళూ. ఘట్‌కేసర్‌లో మా అబ్బాయి కళ్యాణ్ బాగానే ఉన్నాడు. వాడు పాఠాలు చెప్పే కాలేజీలో పరీక్షలట, రెండు వారాలుగా రాలేదు. పూణెలో నువ్వూ, హరితా, పసివాడూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. బాలింతకి చలిగాలి తగలనివ్వకు. వాడికి ముక్కు మీ ఆయనదే వచ్చిందని రాశావు. సంతోషం.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. అడిగినవి వరసగా చెప్తాను. రెండు మూడు మాత్రం చివరికి దాచుకున్నాను. కింద నించి చదవకు. నీకు ఆ అలవాటుంది.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. దేవుడి ముందు కూర్చుని లేవాలంటే గోడ కావాలి. గోడ ఉంది కనుక ఇబ్బంది లేదు.

నాచారం ఇంటికి రోజు మార్చి రోజు వెళ్తున్నాను. హబ్సిగూడలో ఆటో మారితే అరగంట. నేను వెళ్ళని రోజు పక్కింటి మల్లవ్వ పైపు పెడుతోంది. మల్లె కత్తిరించాను. నిమ్మకి పురుగు పట్టింది, వేపనూనె కొట్టాను. సన్నజాజి పందిరి వీధివైపు ఒరిగితే సాంబయ్యని పిలిపించి గుంజ మార్పించాను. గుర్తుందిగా, మీ ఆయన ఉలులు సాన పట్టించుకునే వడ్రంగి సాంబయ్య, నాచారం చౌరస్తాలో దుకాణం. పరికరాల గదిలో తేమ లేదు. గోడ పలక మీద ఉలి బొమ్మ గీసిన చోట ఉలి, రంపం బొమ్మ గీసిన చోట రంపం, ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మొన్న మల్లవ్వ నీళ్ళు పెడుతూ అంది: "సారు గీ చెట్లతోని మస్తు మాట్లాడుతుండె అమ్మా. నువ్వొక్క ముచ్చట చెప్పవు. గందుకే మల్లె జర అలిగింది సూడు."

"దేవుడితోనే నాకు మాటలు తక్కువ మల్లవ్వా. మల్లెతో ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి అనరాదు. తిట్టినా సాలు, అది ఇంటది" అంది.

పచ్చడి సంగతి అడిగావు. 'ఈసారీ ఇంగువ వెయ్యకపోయినా సరే, పెద్దమ్మ ఉసిరి పచ్చడి కావాలని హరిత గోల పెడుతోంది' అని రాశావు. పెట్టాను. ఈ రోజే మూడో రోజు, పొద్దున తిరగకలిపి సీసాకెత్తాను. దాని సంగతి తర్వాత.

వాళ్ళ నాన్న చేసిన వస్తువులన్నిటికీ ఫోటోలు తీసి హరిత ఒక ఆల్బం కడుతోందని రాశావు. నాకు ఆయన చేసిచ్చింది ఏమైనా ఉందా అని అడిగింది. ఉంది. దాని సంగతీ తర్వాతే.

ఇక నువ్వు అసలడిగిన మాట. 'నువ్వొక్కదానివి అక్కడ, నేనొక్కదాన్ని ఇక్కడ ఎందుకక్కా? సంవత్సరీకం అవగానే వచ్చేస్తాను. ఇద్దరం నాచారంలో ఉందాం. నువ్వు ఆ ఇంట్లో ఉంటే ఆయనకీ సంతోషం. ఆయన విలువ నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు' అన్నావు.

ఆ మాట చదివి ఐదు రోజులైంది. నాకు రావాలని ఉంది. ఎంత ఉందో రాయను. కానీ ఆ గడప లోపల కాపురం పెట్టేముందు ఆ ఇంట్లో నేను చేసిన పని ఒకటి నీకు తెలియాలి. తెలిశాక కూడా రమ్మంటే వస్తాను. వద్దంటే ఇక్కడే ఉంటాను. ఈ ఉత్తరం అందుకే.

ఆయన విలువ నాకు తెలుసన్న మాట నిజం. ఎంత తెలుసో నీకు తెలియదు. ఆయన నీకు చేసినవన్నీ నేను లెక్కగా చూశాను కామాక్షీ. మెచ్చుకోవడానికి కాదు.

మీ ఇల్లు కట్టేటప్పుడు వంటగట్టు పొయ్యబోతున్న రోజు గుర్తుందా? మీ ఆయన నిన్ను ఇటుకల మధ్య నిలబెట్టి గరిట చేతికిచ్చి "పప్పు కలుపుతున్నట్టు నిలబడు" అన్నారు. నీ మోచేతికి కింద బెత్తెడు వదిలి గోడ మీద సుద్దముక్కతో గీత గీశారు. మేస్త్రీకి నవ్వాగలేదు. "గట్ల కొలుస్తరా సార్? అందరికి ఒక్కటే సైజు పెడ్తం" అన్నాడు. "ఇక్కడ అందరూ వండరుగా మేస్త్రీ, మా ఆవిడొక్కతే వండుతుంది" అన్నారు ఆయన. నువ్వు సిగ్గుపడి గరిటతో ఆయన చెయ్యి మీద కొట్టావు.

నేను మేస్త్రీకి మజ్జిగ గ్లాసు అందిస్తున్నాను. ఒక్క చుక్క ఒలకలేదు. సాయంత్రం మా క్వార్టర్‌కి వచ్చి నా వంటగట్టు ముందు నిలబడి చూసుకున్నాను. నీకంటే పొడుగుదాన్ని కదా. నాకు ఉండాల్సిన ఎత్తుకి అది బెత్తెడు కిందకి ఉంది. పదిహేడేళ్ళుగా వంగి వండుతున్నానని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. అంతవరకు నడుము నొప్పి నడుముదే అనుకున్నాను.

మీ బావగారు చెడ్డవారు కారు. ల్యాబ్‌లో ఇచ్చిన జీతం తెచ్చి చేతిలో పెట్టేవారు. గట్టిగా ఒక మాట అన్నది లేదు. గోడకి మేకు కొట్టండి అంటే "పాపం, దానికి దెబ్బ తగులుతుంది తారా" అని పేపరు వెనక్కి వెళ్ళిపోయేవారు. ఒకసారి మీ దొడ్లో మీ ఆయన ఫ్యాక్టరీ ప్యాకింగ్ పెట్టెల చెక్క కోస్తూ "తోడల్లుడుగారూ, ఆ కొస కాస్త పట్టుకోండి" అంటే ఏమన్నారో తెలుసుగా? "నేను పడితే తిన్నటి చెక్క వంకర పోతుందయ్యా" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. కొస నేను పట్టుకున్నాను. రంపప్పొట్టు నా చీర మీద పడింది. ఇంటికొచ్చి దులిపేముందు వాసన చూశాను. దేవదారు వాసన. ఇది నీకు తప్పుగా తోచకూడదు. నాకు మీ ఆయన కావాలనిపించలేదు. నా ఇంట్లో ఆ వాసన కావాలనిపించింది.

ఫస్టు షిఫ్టుకి వెళ్ళేముందు నీ తలగడ పక్కన తడిగుడ్డలో చుట్టిన మల్లెలు పెట్టి వెళ్ళేవారు. నువ్వు అది చెప్తూ "ఈయనకి ఛాదస్తం అక్కా" అనేదానివి. నాకు ఒళ్ళు మండేది. ఛాదస్తమని విసుక్కునేటంత దండిగా ఉన్నాయి నీ దగ్గర ఆ పూలు. నా దేవుడికి నేను బజార్లో మూర కొనేదాన్ని.

కళ్యాణ్ సంగతి సరే సరి. ఆదివారం వచ్చిందంటే వాడు మీ ఇంట్లోనే. చిత్రిక పట్టడం, అంటు కట్టడం బాబాయి దగ్గరే నేర్చుకున్నాడు. పదిహేనేళ్ళప్పుడు అనుకుంటాను, అన్నం తింటూ వాళ్ళ నాన్న ముందే అన్నాడు: "అమ్మా, బాబాయి నాకు నాన్నయితే ఎంత బాగుండేదో." మీ బావగారు మజ్జిగ పోసుకుంటూ "నాకూ అంతే, ఆయన నాకు నాన్నయినా బాగుండేది" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

ఇన్ని ఉన్నా నేను రోజూ పూజ చేసుకుంటూనే ఉన్నాను. అందరూ తారామణి శాంతమూర్తి అంటారు. మాట తక్కువ కనుక అలా కనిపిస్తాను. లోపల ఎప్పుడూ ఒక పొయ్యి మండుతూ ఉండేది. దాని మీద ఏమీ వండలేదు కనుక వాసన రాలేదు.

ఇప్పుడు ఉసిరి చెట్టు దగ్గరికి వస్తాను.

గృహప్రవేశం నాడు మీ ఆయన నాటారు దాన్ని. మూడో ఏటికే గొడుగులా లేచింది. కార్తీకంలో దీపం పెట్టి భోజనాలు చెయ్యడానికి చుట్టాలందరూ అక్కడికే రావడం మొదలైంది. మన ముగ్గురిలో మధ్యది తణుకు నించి తిన్నగా నాచారమే దిగేది. అంతకుముందు కార్తీక సోమవారాలు నా ఇంట్లో జరిగేవి. పెద్దదాన్ని, అది నా వంతు. ఎవరూ తీసెయ్యలేదు, దానంతటదే నీ దొడ్లోకి వచ్చేసింది. నా దగ్గర దేవుడు తప్ప ఇంకేమీ లేదనుకునేదాన్ని. ఆ దేవుడు కూడా మీ చెట్టు కిందకి మారిపోయాడు.

రెండు వేల సంవత్సరం కార్తీకం. జంటలకి జంటలుగా పీటలు వేసి ఉన్నాయి, ఆయన చేసినవే. మీ బావగారు ఎప్పటిలాగే పేకాటకి వెళ్ళారు. సంకల్పం చెప్పిస్తూ పంతులుగారు నా పక్క పీట ఖాళీగా ఉండటం చూసి "మీ వారేరమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు నువ్వన్నావు:

"మా బావగారికి జోకరు దొరికితే దేవుడు దొరికినట్టేనండీ."

అందరూ నవ్వారు. కళ్యాణ్ నవ్వాడు. నేనూ నవ్వాను. నువ్వు సరదాకే అన్నావు. సాయంత్రానికి నీకది గుర్తుండి ఉండదు. నాకు గోత్రనామాలు చెప్పుకుంటున్నంతసేపూ చెవుల్లో అదే.

నవ్వనిది మీ ఆయనొక్కరే. లేచి వచ్చి ఆ ఖాళీ పీట మీద పూలబుట్ట పెట్టి వెళ్ళారు, ఖాళీ కనపడకుండా. నీ మాటనైనా మర్చిపోయేదాన్నేమో. ఆ పూలబుట్టని మర్చిపోలేకపోయాను. నా లోటు ఏమిటో అంత చక్కగా కనిపెట్టిన మనిషి నా ఇంటి మనిషి కాకపోయెనే అని.

తర్వాత ఫాల్గుణం మొదట్లో నీకు ఆపరేషన్ అయింది. వంటకి నేను వచ్చి పది రోజులున్నాను. మూడో రోజు ఆయన ఆసుపత్రి నించి స్నానానికి ఇంటికి వచ్చారు. స్నానం చెయ్యలేదు. గదిలోకి వెళ్ళి చిత్రిక పడుతూ కూర్చున్నారు. ఏమిటండీ అంటే "అక్కడి మంచం ఎత్తు వదినగారూ. దిగేటప్పుడు కామాక్షికి కాలు అందట్లేదు" అన్నారు. ఒక్క పూటలో మెట్టుపీట చేశారు, అంచులు నున్నగా గుండ్రం చేసి. అది చంకన పెట్టుకుని, నేను కట్టిన క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయారు. తలుపు వేసుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటలు. ఇల్లంతా చెక్కపొట్టు.

కూర్చుని లలితా సహస్రం చదివాను. చదివి లేచి పరికరాల గదిలోకి వెళ్ళి గోడ మీద కన్నాలు వేసే బర్మా తీశాను.

అమ్మమ్మ చెప్పేది, నీకు గుర్తుందో లేదో. అక్కర్లేని చెట్టుకి కన్నం పొడిచి ఇంగువ కూరితే ఏడాది తిరక్కుండా ఎండిపోతుందని. ఆ బర్మాతో నేను ఉసిరి చెట్టుకి, వీధి కనపడని వైపు, మొదట్లో కన్నం వేశాను. నీ వంటింట్లోంచి కుంకుడుకాయంత ముద్ద ఇంగువ తెచ్చి అందులో కూరాను. పైన మట్టి మెత్తాను. మట్టి మెత్తిన చెయ్యి ఊరుకోక, అలవాటు కొద్దీ దాని మీద పసుపు అద్దింది.

పొద్దున ఆ చెట్టుకే మూడుసార్లు తిరిగి దణ్ణం పెట్టిన మనిషిని.

నీ చెట్టు, నీ పీటలు, నీ గట్టు, నీ మల్లెలు. ఒక్కటైనా తగ్గాలి అనుకున్నాను. ఒక్కటి తగ్గితే నేను ఊపిరి పీల్చుకోవచ్చనిపించింది. చెట్టు చస్తే చుట్టాలు మళ్ళీ నా ఇంటికి వస్తారని కూడా అనుకున్నాను. అంతే. ఇంకే కారణమూ లేదు. నువ్వు ఆసుపత్రిలో కుట్లతో పడుకుని ఉన్నావు.

నెల తిరక్కుండానే చెట్టు ఆకంతా రాల్చింది. నువ్వు ఫోన్‌లో "ఉసిరి మోడైపోయిందక్కా, ఈయన అన్నం కూడా సరిగ్గా తినట్లేదు" అన్నావు. నాకు అన్నం దిగలేదు. చచ్చిపోవాలని పెట్టినదాన్ని, చచ్చిపోకూడదని నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకున్నాను. రెండూ నేనే.

ఆ ఉగాదికి మీ ఆయన స్కూటర్ మీద ఉప్పల్ వచ్చారు. జేబులోంచి చిన్న టేకు డబ్బా తీసి ఇచ్చారు. గుండ్రంగా, తిప్పే మూతతో, అరచేతిలో ఇమిడేటట్టు. "వదినగారూ, మీ ఇంగువకి. గాలి తగిలితే ఘాటు పోతుందని మూత బిగువుగా చేశాను" అన్నారు. ఆయన మొహం చూశాను. మామూలుగా ఉంది. కాఫీ తాగి, మీ బావగారితో రెండు ముక్కలు మాట్లాడి, "తులసికి నీళ్ళెక్కువ పోస్తున్నారు" అని నాకు చెప్పి వెళ్ళిపోయారు. తెలియదులే అని సర్దిచెప్పుకున్నాను. అందరికీ ఏదో ఒకటి చేసిచ్చే మనిషి, నాకు ఇది తోచిందనుకున్నాను.

హరిత అడిగిన వస్తువు అదే.

చెట్టు చావలేదు. మళ్ళీ చిగిర్చింది. నీకు తెలుసు, అంతకుముందు ఏటేటా పూత వచ్చి రాలిపోయేది. ఆ ఏడు మొదటిసారి కాయ నిలిచింది, కొమ్మలు వంగేటంత. ఇంగువ వల్ల నిలిచిందో, ఈడు వచ్చి నిలిచిందో నాకు తెలియదు. మొదటి బుట్ట ఆయన నాకే తెచ్చారు.

"ఎందుకండీ నాకు? కామాక్షి చేత దేవుడికి పెట్టించకపోయారా?" అన్నాను.

"మీకే చెందాలి వదినగారూ. మీ చేతి పసుపు తిన్న చెట్టు" అన్నారు.

నా పూజ సంగతి అనుకున్నాను. మూర్ఖురాల్ని.

ఆ కాయలతో పచ్చడి పెట్టాను. పోపులో ఇంగువ వెయ్యబోతే చెయ్యి రాలేదు. "అక్కా, ఇంగువ మరిచావేం?" అని నువ్వడిగితే "కార్తీకంలో ఇంగువ పనికిరాదు" అన్నాను. అది నియమమే. అబద్ధం కాదు కనుక ఏడేళ్ళుగా హాయిగా చెప్తున్నాను. నువ్వు ఏటా నన్ను ఏడిపించావు. ఆయన ఏటా మారు అడిగి వేసుకున్నారు, ఏమీ అనలేదు.

మాఘంలో ఆయన పోయినప్పుడు నువ్వు గడప మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే నీ భుజం పట్టుకుని కూర్చున్నది నేను. అక్కంటే ఇలా ఉండాలి అన్నారు అందరూ. నేనేం అనుకుంటున్నానో వాళ్ళకేం తెలుసు? 'ఇంతలా ఏడవడానికి కూడా పెట్టి పుట్టాలి' అనుకుంటున్నాను. మీ బావగారు పోయినప్పుడు నేనూ ఏడ్చాను. మధ్యలో పాలవాడు పిలిస్తే లేచి గిన్నె పెట్టి వచ్చి మళ్ళీ ఏడ్చాను. నీకు ఆ రోజు పాలవాడు వచ్చిన సంగతే తెలియదు. దానికీ కుళ్ళుకున్నాను.

ఇదంతా నాతోనే పోతుందనుకున్నాను. మొన్న గురువారం, పౌర్ణమి నాడు, సాంబయ్య పందిరి గుంజ పాతడానికి వచ్చాడు. ఏడాది తిరగని ఇల్లని పూజ పెట్టలేదు, చెట్టు కింద ఒక్క దీపం పెట్టి కూర్చున్నాను. సాంబయ్య చేతులు కడుక్కుని వచ్చి చెట్టు మొదట్లో తడిమాడు.

"గీ బిరడ యాదికున్నదా అమ్మా? నా దుకాణంలనే సేసిండు సారు."

చూశాను. నేను కన్నం వేసిన చోట, బెరడు కొంత పూడుకుని, నడుమ రూపాయి బిళ్ళంత నున్నటి చెక్క బిరడా. మట్టి లేదు. నేను ఏడేళ్ళుగా ఆ వైపు చూడలేదు కామాక్షీ. ప్రదక్షిణలో కూడా ఆ చోటికి రాగానే కళ్ళు మూసుకునేదాన్ని. భక్తి అనుకున్నారు.

"ఎందుకు చేశారు?" అన్నాను.

"ఎవలో ఇంగువ పెట్టిన్రట. గప్పుడు ఆకంత రాలింది. సారు మస్తు ఫికరు పడ్డడు. లోపల పురుగు వోకుంట బిరడ కొట్టిండు. గని నవ్వుకుంటనే ఉండె."

"ఎందుకు నవ్వు?"

"'పసుపు పెట్టి మరీ చంపుతారా సాంబయ్యా ఎవరైనా' అని. ఎవలు సారూ అంటే పేరు చెప్పలే. 'మా ఇంటి మనిషే, ఏదో బాధలో చేశారు' అన్నడు. మిగిలిన ముక్కతోని గప్పుడే ఒక చిన్న డబ్బ సేసిండు. గది ఎవలకిచ్చిండో ఏమో."

నేను దీపంలో నూనె పోశాను. ఎక్కువై ఒత్తి మునిగింది. సాంబయ్య ఏమీ కనిపెట్టలేదు. గుంజ సరిగ్గా ఉందా లేదా చూసుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆ డబ్బాలో ఇంగువ వేరే గిన్నెలోకి తీసి, డబ్బా సంచిలో వేసుకుని నాచారం వెళ్ళాను. చెట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. పట్టుకోవడానికి గోడ లేదు, చెట్టునే పట్టుకున్నాను. బిరడా పక్కన డబ్బా పెట్టి చూశాను. ఒకే ముక్క. దీనిలో ఉన్న నల్లటి జీరే దానిలోనూ ఉంది.

నన్ను నిలవనివ్వనిది ఏమిటో చెప్తాను. చెట్టు కాశాక నన్ను మన్నించి ఉంటే అది వేరు. ఆ డబ్బా ఆయన ఉగాదికి ఇచ్చారు. అప్పటికి చెట్టు మోడు. బతుకుతుందో లేదో ఆయనకే తెలియదు. అన్నం మానేసినంత బెంగ పెట్టుకుని కూడా నా ఇంటికొచ్చి, మూత బిగువుగా చేశానని చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. నీకు చెప్పలేదనే నా నమ్మకం. చెప్పి ఉంటే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నీ మొహంలో కనిపించేది. నీకు దాచడం రాదు.

ఇంతా తెలిశాక నీ మీద అసూయ పోయిందా అంటే, పోలేదు. పెరిగింది. ఇన్నాళ్ళూ గట్టు కొలిచినందుకు, మల్లెలు పెట్టినందుకు కుళ్ళుకున్నాను. అవి చిన్నవి. ఇలాంటి మనిషి పక్కన నువ్వు ఇరవై ఏడేళ్ళు నిద్రపోయావు. దాన్ని ఏ పూజతో చల్లార్చుకోవాలో నాకు తెలియదు. తెలిసినంత వరకు ఇలా కాగితం మీద పెట్టడమే.

నిన్ను మన్నించమని అడగను. ఆయన అడక్కుండా ఇచ్చారు. నువ్వు ఆయన కాదు, ఇవ్వాలని లేదు. ఆ చెట్టు నీది, ఆ ఆకు రాలిన రోజుల్లో ఆయన తినని అన్నం నువ్వు వండింది.

హరితతో చెప్పు, డబ్బా నేను పంపడం లేదు. అది రోజూ పనిలో ఉంది. ఫోటో కావాలంటే వచ్చి తీసుకోమను. కింద ఏం రాయాలో నువ్వే చెప్పు.

శనివారం పచ్చడి పెట్టాను. ఇంగువ మళ్ళీ ఆ డబ్బాలోనే పెట్టుకుని, ఈసారి దాని మూత తిప్పి పోపులో వేశాను. కార్తీకం ఇంకా వెళ్ళలేదు, నియమం తప్పింది. ఇది ఒక్కటి తప్పాలనిపించింది. వచ్చే శనివారం కళ్యాణ్ కాలేజీ పని మీద పూణె వస్తున్నాడు. సీసా వాడి చేత పంపుతున్నాను. ఉత్తరం అంతకుముందే అందుతుంది. వాడికి ఏమీ తెలియదు, వాడి ముందు ఏమీ అనకు. తినాలనిపిస్తే మూత తియ్యి. లేకపోతే సీసా అలాగే వాడి చేతికి తిరిగి ఇచ్చెయ్యి. నేను ఏమీ అడగను. ఇంటి తాళంచెవి మల్లవ్వకి ఇచ్చేస్తాను. నువ్వు వచ్చేదాకా చెట్లకి నీళ్ళు ఆమె పోస్తుంది.

సీసా వెనక్కి రాకపోతే నా దేవుళ్ళని సర్దుకుంటాను. పెద్ద సామానేమీ లేదు. ఒకటే ఆలోచించాను. నీ వంటగట్టు నీ ఎత్తుకి కొలిచింది, నాకు నాలుగు వేళ్ళు కిందకి ఉంటుంది. అక్కడ వండాలంటే నేను వంగాలి. వంగుతాను. ఈసారి తెలిసి వంగుతాను.

ఇట్లు,
నీ జవాబు కోసం కళ్యాణ్ చేతుల వైపు చూస్తూ,
మీ పెద్దక్క
తారామణి